చల్లటి పెనంలో మొదలుపెట్టండి: స్టవ్ మీద బేకన్ వేయించే పద్ధతి

మొదటిసారి బేకన్, అంటే ఊరబెట్టిన పంది మాంసం ముక్కలు, వేయించినప్పుడు నేను పెనాన్ని పొగలొచ్చేదాకా కాల్చి, ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కల్ని నేరుగా అందులో పడేశాను. చుయ్‌మని పెద్ద శబ్దం వచ్చింది. వంట జోరుగా సాగుతోందని సంబరపడ్డాను. రెండు నిమిషాల్లో అంచులు నల్లబడ్డాయి, మధ్యలో కొవ్వు మాత్రం తెల్లగా, నమిలితే సాగేలా ఉండిపోయింది. మణికట్టు మీద రెండు వేడి చుక్కలు పడ్డాయి. చివరికి పొగ అలారం కూడా మోగింది. పారేయడానికి మనసొప్పక తిన్నామనుకోండి, అది వేరే సంగతి.

నేను బేకన్‌ని మామూలు మాంసం ముక్కలా చూశాను. తప్పంతా అక్కడే ఉంది. అందులో సగానికి సగం కొవ్వు. పల్చటి మాంసం ఉడకడానికి రెండు మూడు నిమిషాలు చాలు, కొవ్వు కరగడానికి మాత్రం నిదానంగా సెగ తగలాలి. ముందు కొవ్వు కరగాలి, ఆ కరిగిన కొవ్వులోనే ముక్క వేగాలి. పెనం ముందే కాలి ఉంటే ఈ వరస తలకిందులవుతుంది: కొవ్వు కరిగేలోపే మాంసం మాడిపోతుంది. కాబట్టి పెనం చల్లగా ఉన్నప్పుడే ముక్కలు పరచండి. ఇదొక్కటి పాటిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు ప్యాకెట్ చదవండి

బేకన్ అని రాసి ఉన్నవన్నీ ఒకేలా వేగవు. అమెరికాలో బేకన్ అంటే పంది పొట్ట భాగం నుంచి కోసిన పొడవాటి ముక్కలు. వాటిలో ఎర్రటి మాంసం చార, తెల్లటి కొవ్వు చార పక్కపక్కనే ఉంటాయి. బ్రిటన్‌లో దీన్ని స్ట్రీకీ బేకన్ అంటారు. అక్కడ ఎక్కువగా తినే బ్యాక్ బేకన్ వీపు వైపు మాంసం, దానికి కొవ్వు ఒక అంచున మాత్రమే ఉంటుంది. నేను చెప్పబోయేది పొట్ట భాగం ముక్కల గురించి. బ్యాక్ బేకన్ అయితే ఒక చెంచా నూనె వేసి, మధ్యస్థమైన మంట మీద ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు వేయిస్తే సరిపోతుంది. టర్కీ కోడి మాంసంతో చేసే టర్కీ బేకన్‌లో కొవ్వు చాలా తక్కువ, నూనె లేకపోతే అది పెనానికి పట్టేస్తుంది.

మందం కూడా చూసుకోండి. మామూలు ముక్క సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, మందపు రకం దానికి రెట్టింపు, అంటే 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నేర్చుకునేటప్పుడు మందపు రకం కొనుక్కోండి. అది మాడటానికి ముందు మనకి కాస్త టైమ్ ఇస్తుంది.

ఇంకో తేడా లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. బేకన్‌ని ఉప్పు, చక్కెర, సోడియం నైట్రైట్ (మాంసం పాడవకుండా వేసే లవణం)తో ఊరబెడతారు. పాత పద్ధతిలో ఆ మిశ్రమాన్ని పొడిగా మాంసానికి రుద్ది రోజుల తరబడి ఉంచుతారు. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా ఉప్పునీటిని సూదులతో మాంసంలోకి ఎక్కిస్తారు. పెనంలో చిటపటలు, ముక్కల చుట్టూ చేరే తెల్లటి నురగ, ముక్క బాగా కుంచించుకుపోవడం, వీటన్నిటికీ చాలావరకు ఆ నీళ్లే కారణం. పొడిగా ఊరబెట్టింది దొరికితే వంట ప్రశాంతంగా సాగుతుంది. బ్రౌన్ షుగర్, మేపుల్ లాంటివి పట్టించిన రకమైతే మంట ఇంకా తగ్గించాలి, చక్కెర త్వరగా నల్లబడుతుంది.

పొగబెట్టిన వాసన వస్తోంది కదా అని పచ్చిగా తినకండి. ప్యాకెట్ మీద వండినదని స్పష్టంగా రాసి ఉంటే తప్ప అది పచ్చి మాంసమే. అలాగని కడగనూ వద్దు. కడిగితే సింక్ చుట్టూ క్రిములు చిమ్మడం తప్ప ప్రయోజనం లేదు, పైగా ఆ తడి తర్వాత మీ చేతి మీదకే చిందుతుంది.

ఏ పెనం

అడుగు మందంగా, అంచు మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున్న పెనం ఏదైనా పనికొస్తుంది. నా ఓటు పోత ఇనుముకే. వేడెక్కడానికి టైమ్ తీసుకుంటుంది కానీ, ఆ నిదానమే ఇక్కడ మనకి కావలసింది. స్టీల్ పెనం కూడా బాగానే ఉంటుంది. ముక్క అంటుకున్నట్టు అనిపిస్తే లాగకండి, అడుగు ఎర్రబడగానే దానంతటదే వదులుతుంది. నాన్‌స్టిక్ కూడా ఫర్వాలేదు, ఎందుకంటే మనం పెద్ద మంట వాడటం లేదు. పల్చటి పెనంతోనే ఇబ్బంది: మంట తగిలిన చోట మాడుతుంది, అంచుల్లో పచ్చిగా ఉండిపోతుంది. పెనం పెద్దదై బర్నర్ చిన్నదైనా ఇదే గొడవ. అలాంటప్పుడు మధ్యలో ముక్కల్ని అంచులకి, అంచుల్లో వాటిని మధ్యకి మారుస్తూ ఉండాలి. ఇండక్షన్ స్టవ్ చాలా వేగంగా వేడెక్కిస్తుంది కాబట్టి తక్కువ సెట్టింగ్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

పరచడం

వంటకి పది నిమిషాల ముందు ప్యాకెట్ బయటపెట్టండి. మరీ చల్లగా ఉంటే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, తీస్తుంటే చిరుగుతాయి. అతుక్కున్నవాటిని వేళ్లతో పీకకుండా, పదును లేని కత్తి వెనక వైపు మధ్యలో దూర్చి మెల్లగా విడదీయండి.

స్టవ్ వెలిగించకముందే ముక్కల్ని పెనంలో పక్కపక్కనే పరచండి. నూనె అక్కర్లేదు. అంచులు కొంచెం తగులుకున్నా కంగారు వద్దు, నిమిషాల్లో కుంచించుకుని వాటికవే చోటు చేసుకుంటాయి. వేగాక ముక్క బరువు పచ్చి బరువులో దాదాపు మూడో వంతే మిగులుతుంది. కానీ ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. కింద పడినది వేగకుండా ఆవిరికి ఉడుకుతుంది. 30 సెంటీమీటర్ల పెనంలో ఐదారు ముక్కలు పడతాయి. పది మందికి చేయాలంటే మాత్రం స్టవ్ దగ్గర నిలబడి అవస్థ పడే బదులు ఓవెన్ వాడుకోవడమే తెలివైన పని. పెనం నలుగురున్న ఇంటికి.

ఇప్పుడు స్టవ్ వెలిగించండి. మంట సిమ్‌కి కాస్త పైన ఉండాలి, మధ్యస్థం దాటకూడదు.

నీళ్లు పోసే చిట్కా

వినడానికి వింతగా ఉంటుంది కానీ, మందపు ముక్కలకి నేనిదే వాడతాను. చల్లటి పెనంలో ముక్కలు పరిచాక, అడుగు తడిసేంత నీళ్లు పోయండి. పావు కప్పు మించక్కర్లేదు. పెనంలో నీళ్లున్నంతసేపూ అక్కడి వేడి దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. మాంసం ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలైనా కావాలి. అంటే నీళ్లు ఇంకేదాకా ముక్క మాడే ప్రశ్నే లేదు, ఈలోపు కొవ్వు మాత్రం హాయిగా కరుగుతూ ఉంటుంది. నీళ్లు ఆవిరైపోయేసరికి పెనంలో కరిగిన కొవ్వు సిద్ధంగా ఉంటుంది, ఇక ముక్క అందులో వేగడం మొదలవుతుంది. ఇలా చేసిన ముక్క అంచుల్లో కరకరలాడుతూ, లోపల పెళుసుగా కాకుండా మెత్తగా ఉంటుంది.

పల్చటి ముక్కలకి ఇదంతా అనవసరం. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు: నీళ్లు చల్లటి పెనంలోనే, మొదట్లోనే పోయాలి. సగంలో గుర్తొచ్చి, కాగుతున్న కొవ్వులో పోస్తే అది మొహం మీదకి లేస్తుంది.

చూడటం, వినడం, తిప్పడం

మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. మంట పెంచాలని చెయ్యి దురద పెడుతుంది. పెంచకండి. కాసేపటికి తెల్లటి కొవ్వు గాజులా మెరుస్తూ పారదర్శకమవుతుంది, పెనం అడుగున పల్చగా కొవ్వు ఊరుతుంది, సన్నగా శబ్దం మొదలవుతుంది. ముక్కని టాంగ్స్‌తో ఓసారి ఎత్తి చూడండి. అడుగు లేత బంగారు రంగుకి వచ్చి, పెనాన్ని సులువుగా వదిలితే తిప్పొచ్చు.

ఒక్కసారే తిప్పాలని కొందరు అంటారు గానీ, నేనొప్పుకోను. మొదటిసారి తిప్పాక నిమిషానికోసారి తిప్పుతూ ఉంటే రెండు వైపులా సమంగా వేగుతుంది, ముడుచుకోవడం కూడా తగ్గుతుంది. వేడికి మాంసం చార బిగుసుకుని కుంచించుకుపోతుంది, కొవ్వు చార అలా బిగుసుకోదు. ఒకే ముక్కలో ఒక చార లాగుతూ ఇంకోటి లాగకపోతే అది అలలా మెలికలు తిరుగుతుంది. మంట ఎంత పెద్దదైతే మెలిక అంత ఎక్కువ. పైకి లేచిన చోట అట్లకాడతో పది సెకన్లు మెల్లగా అదిమి పట్టుకుంటే చాలు. శాండ్‌విచ్‌లో పెట్టడానికి తిన్నగా ఉండాలనుకుంటే మరో బరువైన పెనాన్ని, అడుగు శుభ్రంగా ఉన్నదాన్ని, ముక్కల మీద కాసేపు పెట్టొచ్చు. ఊరికే తినడానికైతే ఆ మెలికలే అందం. అంత టెన్షన్ అక్కర్లేదు.

గడియారం కన్నా చెవులే నమ్మకమైనవి. మొదట వినిపించేది పెద్ద పెద్ద బుడగల చిటపట, మాంసంలోని నీరు బయటికి పోతున్న చప్పుడు. క్రమంగా ఆ చప్పుడు సద్దుమణిగి సన్నటి జిర్రుమనే శబ్దం మిగులుతుంది, ముక్కల చుట్టూ సబ్బు నురగలాంటి చిన్న చిన్న బుడగలు కమ్ముకుంటాయి. నీళ్లు దాదాపు అయిపోయాయన్నమాట. ఇక్కడి నుంచి రంగు శరవేగంగా మారుతుంది. బంగారు రంగుకీ బొగ్గుకీ మధ్య అర నిమిషం కూడా ఉండకపోవచ్చు. ఫోన్ మోగినా తీయకండి.

ఆ వాసన, రంగు వచ్చేది మాంసంలోని ప్రోటీన్లు, చక్కెరలు వేడికి కలిసి చర్య జరపడం వల్ల. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ 1912లో దీన్ని వివరించాడు. రొట్టె పైపొర ఎర్రబడటంలోనూ కాఫీ గింజలు వేగడంలోనూ ఉన్నది ఇదే చర్య.

ఎప్పుడు తీయాలి

ఇంకాస్త వేగితే బాగుంటుందేమో అనిపించిన క్షణంలోనే తీసేయండి. బేకన్ పెనంలో ఉన్నప్పుడు పూర్తిగా గట్టిపడదు. బయటికి తీశాక, దాన్ని అంటుకున్న కొవ్వు చల్లబడుతుంటే బిగుసుకుంటుంది. పెనంలోనే కరకరలాడేదాకా ఉంచారంటే ప్లేటులోకి వచ్చేసరికి పొడి పొడి అవుతుంది.

అనుమానం ఉంటే ఒక ముక్కని టాంగ్స్‌తో ఒక చివర పట్టుకుని ఎత్తండి. తడిగుడ్డలా వేలాడితే ఇంకా కాలేదు. కర్రలా నిటారుగా నిలబడితే ఆలస్యమైంది. కొస మాత్రం కాస్త వంగుతుంటే తీయొచ్చు. మామూలు ముక్కలకి మొత్తం ఎనిమిది నుంచి పది నిమిషాలు, మందపువాటికి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. అన్నీ ఒకేసారి అవ్వవు. అయినదాన్ని అయినట్టు తీసేయాలి, మిగతావాటికోసం ఆగకూడదు. మెత్తగా ఇష్టపడేవాళ్లు రెండు నిమిషాల ముందే తీసుకోవచ్చు, కొవ్వు మాత్రం పచ్చిగా తెల్లగా ఉండకూడదు. మాంసం రంగుని బట్టి ఉడికిందో లేదో తేల్చలేం, నైట్రైట్ వల్ల ఉడికాక కూడా అది గులాబీ ఛాయలోనే ఉంటుంది.

నల్లగా మాడ్చకూడదనడానికి రుచి ఒక్కటే కారణం కాదు. నైట్రైట్‌తో ఊరబెట్టిన మాంసాన్ని ఎక్కువ వేడి మీద వేయిస్తే నైట్రోసమైన్లు అనే హానికర పదార్థాలు తయారవుతాయి. అందుకే అమెరికాలో ఉప్పునీరు ఎక్కించే బేకన్‌కి నైట్రైట్ 120 పీపీఎం (పది లక్షల వంతుల్లో 120 వంతులు) అని హద్దు పెట్టి, ఆ పదార్థాలు తయారవకుండా అడ్డుకునే ఆస్కార్బేట్ లేదా ఎరిథార్బేట్ కలపాలని నిబంధన పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో శుద్ధి చేసి నిల్వ ఉంచే మాంసాన్ని, అంటే బేకన్‌నీ కలుపుకుని, మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. నేను బేకన్ మానలేదు కానీ, రోజూ తినడం మానేశాను. మాడిన ముక్కలు ఇప్పుడు నేరుగా చెత్తబుట్టలోకే.

తీసిన ముక్కల్ని టిష్యూ మీద ఒక నిమిషం ఆరనిచ్చి, తర్వాత జాలీ స్టాండ్ మీదకి మార్చండి. టిష్యూ మీదే వదిలేస్తే కింది వైపు ఆవిరి పట్టి మెత్తబడుతుంది.

చిందకుండా

చిందేది కొవ్వే అయినా, దాన్ని చిందించేది నీరు. ఒక చుక్క నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఉబ్బుతుంది, ఆ ఉబ్బులో చుట్టూ ఉన్న కొవ్వుని ఎగరేస్తుంది. కాబట్టి మంట తక్కువ పెట్టడమే మొదటి మందు. పెనం మీద సన్నటి జాలీ మూత పెట్టుకోండి. మామూలు మూత పెడితే ఆవిరి నీళ్లై తిరిగి కొవ్వులో పడుతుంది, గొడవ ఇంకా పెద్దదవుతుంది. తడి టాంగ్స్ పెట్టకండి. పెనం పిడిని లోపలి వైపు తిప్పి ఉంచండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే. చొక్కా లేకుండా బేకన్ వేయించే ధైర్యవంతుల గురించి నేనేమీ మాట్లాడను.

రెండో వాయి

మొదటి వాయి బాగా వచ్చి, రెండోది మాడిపోవడం అందరికీ అనుభవమే. ఎందుకంటే ఇప్పుడు పెనం చల్లగా లేదు. స్టవ్ ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, కొవ్వుని వేడికి తట్టుకునే గిన్నెలోకి జాగ్రత్తగా వంపేయండి. అడుగున పల్చటి పొర ఉంటే చాలు. నల్లబడిన తునకలుంటే టాంగ్స్‌తో పట్టుకున్న టిష్యూతో తుడిచేయండి, లేకపోతే ఆ చేదు కొత్త ముక్కలకి పడుతుంది. అప్పుడు ముక్కలు పరిచి, మళ్లీ చిన్న మంటతోనే మొదలుపెట్టండి. రెండో వాయికి నీళ్ల చిట్కా వద్దు, పెనంలో వేడి కొవ్వు ఉంది కాబట్టి.

మిగిలిన కొవ్వు

దీన్ని పారేయడమంటే సగం బేకన్ పారేయడమే. ద్రవంగా ఉండగానే, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, స్టీలు టీ వడపోతలో శుభ్రమైన పల్చటి గుడ్డ వేసి వడకట్టండి. ప్లాస్టిక్ వడపోత వేడికి కరుగుతుంది. మరీ వేడిగా ఉండగా గాజు సీసాలో పోస్తే పగలొచ్చు. తునకలు లేకుండా వడకట్టి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నెలల దాకా వాడుకోవచ్చు. మక్కు వాసన వస్తే మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. గుడ్లు, బంగాళాదుంపలు, పాప్‌కార్న్ దీనితో చేస్తే రుచే వేరు. అప్పటికే అందులో ఉప్పుంటుంది, కాబట్టి రుచి చూశాకే విడిగా ఉప్పు వేయండి.

సింక్‌లో మాత్రం పోయొద్దు. వేడి నీళ్లతో కలిపి పోసినా, పైపులో కొంత దూరం వెళ్లాక గడ్డకట్టి కూర్చుంటుంది. పారేయాల్సి వస్తే ఖాళీ డబ్బాలో పోసి, గట్టిపడ్డాక చెత్తలో వేయండి.

పొరపాటున కొవ్వుకి మంట అంటుకుంటే స్టవ్ ఆపి, పక్క నుంచి జరుపుతూ మూత పెట్టేయండి. గాలి ఆడకపోతే ఆరిపోతుంది. నీళ్లు చల్లకండి, మండుతున్న పెనాన్ని ఎత్తుకుని బయటికి పరిగెత్తకండి. చల్లబడేదాకా మూత తీయొద్దు. మూత పెట్టినా ఆరకపోతే ఇంట్లో అందరూ బయటికి వచ్చేసి అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి. ఒక మూతని చేతికందేలా పెట్టుకునే నేనెప్పుడూ మొదలుపెడతాను.

చిన్న ముక్కలుగా కావాలంటే

పాస్తాలోకో సూప్‌లోకో అయితే ప్యాకెట్‌ని పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక ఒక సెంటీమీటరు ముక్కలుగా కోయండి. మెత్తగా ఉన్నప్పుడు కోస్తే కత్తి కింద జారుతుంది. ఇక్కడా చల్లటి పెనమే, ఇక్కడ నీళ్లు తప్పకుండా పోయమంటాను. మధ్యమధ్యలో కలుపుతూ పది నిమిషాలు. చిల్లుల గరిటెతో తీసేసి, మిగిలిన కొవ్వులో ఉల్లిపాయలు వేయించండి, అడుగున పట్టిన ఎర్రటి పొరని ఉల్లిపాయల తడే వదలగొడుతుంది.

దాచుకోవడం, పెనం కడగడం

తెరిచిన ప్యాకెట్ ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర వారం దాకా ఉంటుంది. ఫ్రీజర్‌లో పెడితే నెల లోపు వాడుకోండి, ఆ తర్వాత ఉప్పు వల్ల కొవ్వు రుచి చెడుతుంది. నాలుగేసి ముక్కల్ని బటర్ పేపర్‌లో విడిగా చుట్టి పెడితే కావలసినన్నే తీసుకోవచ్చు. వేయించినవి ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తాయి, బయట మాత్రం రెండు గంటలకి మించి వదలొద్దు. మళ్లీ తినేటప్పుడు చల్లటి పెనంలోనే పెట్టి ఒకటి రెండు నిమిషాలు వెచ్చచేస్తే కరకర తిరిగొస్తుంది.

పోత ఇనుము పెనమైతే గోరువెచ్చగా ఉండగా టిష్యూతో తుడిచి, వేడి నీళ్లతో కడిగి, వెంటనే స్టవ్ మీద పెట్టి తడి ఆరబెట్టండి. చక్కెర మాడి అంటుకుంటే రాళ్ల ఉప్పు చల్లి గుడ్డతో రుద్దితే వదిలిపోతుంది. వేడి పెనం మీద చల్లటి నీళ్లు మాత్రం పోయకండి, నా పాత పెనం పగిలింది అలాగే.